తాళం అడిగితే

"మెడికల్ షాపులో తనే కొనుక్కుని మింగేదండీ. ఎంత చెప్పినా వింటేనా!" అన్నాడు బాబాయి.

డాక్టరమ్మ అడిగింది ఆయన్ని కాదు. దుప్పట్ల కింద వణుకుతున్న మనిషిని. కానీ ఆ మనిషి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, దవడ ఆమె మాట వినడం లేదు, ఇనపమంచం కాళ్ళు గచ్చు మీద గలగలమంటున్నాయి, తల దగ్గర సెలైన్ స్టాండు పాత బస్సు కిటికీ అద్దంలా అదురుతోంది. నోరు తెరిస్తే నాలుక తెగేలా ఉంది. అందుకని జవాబు బాబాయి చెప్పేశాడు. డాక్టరమ్మ ఆయన వంక చూసింది, మంచం వంక చూసింది. "ఆవిడ చెప్పాలండీ. ఏ మాత్రలు, ఎన్నాళ్ళుగా, ఎవరిచ్చారు, అన్నీ నాకు ఆవిడ నోటితో కావాలి. మీ బస్సుల్లో పనిచేసే ఇంకో కండక్టరమ్మ కూడా పోయిన వారం ఇదే జబ్బుతో వచ్చింది. ఆవిడా షాపులో కొన్నాననే చెప్పింది, ఏ షాపో మాత్రం చెప్పలేకపోయింది. ఈ ఇంజెక్షను ఎక్కనివ్వండి. వణుకు తగ్గాక మళ్ళీ వస్తాను" అని పక్క మంచానికి నడిచింది.

ఎవరిచ్చారు. ఆ మాట దుప్పటి కిందికి దూరి ఆమె పక్కనే పడుకుంది. తనే కొనుక్కుని మింగేదట, ఎంత చెప్పినా వినేది కాదట. ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఎప్పుడు చెప్పారు? బయట ఎండ పెళపెళా కాస్తోంది, వార్డులో ఫ్యాన్లు వేడిగాలిని చిలుకుతున్నాయి, అందరి మెడలకీ చెమట పట్టింది, ఆమెకి మాత్రం ఎముకల్లో మంచు. నడుముకి రెండువైపులా ఎవరో పారలు దింపి తవ్వుతున్నారు. పొద్దున ఫలితాల కాగితం చేత్తో పట్టుకుని డాక్టరమ్మ చెప్పింది కదా, నోటితో మింగే మాత్రల్లో ఒక్కటీ దీని మీద పనిచెయ్యదమ్మా, పైగా ఇది మూత్రంలోంచి కిడ్నీలకీ, అక్కణ్ణుంచి రక్తంలోకీ పాకింది, నా దగ్గర ఒక ఇంజెక్షను ఉంది, దానికీ లొంగకపోతే ఇంకొకటి ఉంది, కానీ ఆ రెండోది పురుగుతో పాటు నీ కిడ్నీల్నీ కొట్టేస్తుంది అని. ఎలా ఇంత మొండిదయిందండీ అని అప్పుడు ఆమె అడిగింది, అప్పటికింకా నోరు ఆడుతూనే ఉంది. దొంగ దొరికాడనుకో, అంది డాక్టరమ్మ, పూర్తిగా పట్టి లోపలెయ్యాలా, రెండు దెబ్బలేసి వదిలెయ్యాలా? రెండు మాత్రలు మింగి మంట తగ్గగానే ఆపేస్తే జరిగేది అదే. చచ్చేవి చస్తాయి, మొండివి మిగుల్తాయి, మిగిలిన ఆ మొండివే పిల్లల్ని పెడతాయి. ఈసారొచ్చేది ఆ సంతానం. నీ ఒంట్లో ఇప్పుడున్నది ముత్తాతల నాటి నుంచీ లాఠీ దెబ్బలు తిని నవ్వడం నేర్చుకున్న వంశం. సెలైన్ మారుస్తున్న సిస్టరమ్మ, కొండంత మనిషి, చేతులు మాత్రం పువ్వుల్లా ఉంటాయి, పకపకా నవ్వి, "నీ పురుగు నాకంటే ఎక్కువ చదువుకుందే తల్లీ, మందుల పేర్లన్నీ దానికి నోటికొచ్చు" అంది. అప్పుడు తనూ నవ్వింది. నవ్వితే నడుంలో కలుక్కుమంది.

నుదుటి మీద చల్లగా ఏదో పడింది. తడిగుడ్డ. బాబాయి గిన్నెలో ముంచి, పిండి, మడత పెట్టి, అంచులు సరిచేసి, నుదుటి మీద వేశాడు. ఎంత నెమ్మదైన చెయ్యి! ఈ చేతిని కళ్ళు మూసుకున్నా గుర్తుపడుతుంది. బొటనవేలి దగ్గర టికెట్ల కట్ట ఒరిసీ ఒరిసీ కాయ కాసిన చెయ్యి. నాన్న పోయిన ఏడాది ఆమెకి ఊహ తెలిసీ తెలియని వయసు, సైకిలు ముందు బారు మీద తువ్వాలు చుట్టి, దాని మీద ఆమెని కూచోబెట్టి బడికి తీసుకుపోయింది ఈ చెయ్యే. పరీక్ష రుసుము కట్టింది ఈ చెయ్యే. ఉద్యోగానికి దరఖాస్తు నింపి, ఫొటో అంటించి, ఊరంత ఆఫీసులో కిటికీ కిటికీకీ తిప్పింది ఈ చెయ్యే. మొదటిరోజు సంచీ భుజాన ఎలా తగిలించుకోవాలో, పట్టీ ఎక్కడ బిగిస్తే మెడ లాగదో, చిల్లర ఏ అరలో వేస్తే చెయ్యి వెతుక్కోకుండా పోతుందో, అన్నీ ఈ చెయ్యే చూపించింది. అందుకే నోరు పెగలడం లేదేమో. చలి వల్ల కాదేమో. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని అమ్మ ఆమెకి ఉగ్గుతో పాటు రంగరించి పోసింది.

ఆ రోజు. ఏ ఊరి నుంచి ఏ ఊరికో గుర్తులేదు. బాబాయి అప్పుడింకా కండక్టరు, ఆమె ఆయన సీటు పక్కన, కాళ్ళు నేలకి ఆనని వయసు. బస్సు నిండా జనం, చంకల కింద చంకలు, కోళ్ళ బుట్టలు, నూనె డబ్బాలు. ఆమె బాబాయి చొక్కా అంచు పట్టుకుని లాగింది, ఆయన వంగాడు, ఆమె చెవిలో చెప్పింది. అంతే. టంగ్‌మని ఒక్క బెల్లు. ఒక బెల్లంటే ఆగు, రెండంటే పద. బస్సు నడిరోడ్డున ఆగిపోయింది. జనం గోలపెట్టారు, డ్రైవరు వెనక్కి తిరిగి ఏంటయ్యా అన్నాడు, ఒక పెద్దమనిషి గడియారం చూపించి కోర్టు వాయిదా ఉందన్నాడు. "పసిదానికి కష్టమొస్తే బస్సెందుకాగదండీ? వాయిదా ఆగకపోతే జడ్జీగారిని నా దగ్గరికి పంపండి" అన్నాడు బాబాయి. బస్సంతా నవ్వింది. పొలం గట్టు పక్కన తువ్వాలు పరదాలా రెండు చేతుల్తో పట్టుకుని, వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు. గాలికి తువ్వాలు ఎగురుతుంటే మోచేతుల్తో అదిమిపెట్టాడు. తర్వాత రెండు బెల్లులు. ఆ రెండు బెల్లుల్ని ఆమె తన చేత్తో లాగింది, ఆయన ఎత్తి పట్టుకుంటే. ప్రపంచంలో బాబాయంత గొప్పవాడు లేడని ఆమె నిర్ణయించుకున్నది ఆ పొలం గట్టు దగ్గరే. అదే మనిషి. ఈ తడిగుడ్డ వేస్తున్నది అదే మనిషి, తనే కొనుక్కుని మింగేదండీ అన్నదీ అదే మనిషి. మనిషిలో మనిషి ఎప్పుడు మారిపోయాడో ఎవరికి తెలుసు, బస్సులో ఎక్కిన వాడెవడో దిగిన వాడెవడో చూసే పని తనదే అయినా తనకే తెలియలేదు.

చలి కాస్త సడలింది, ఇప్పుడు దవడ నొప్పి. దవడ నొప్పితో పాటు కోపం. కోపానికి కూడా ఇంత ఓపిక కావాలని ఆమెకి ఇప్పుడే తెలిసింది. తనే కొనుక్కుని మింగేదట! చివరి స్టేజీలో ఉన్నదేముంది, షాపా, సత్రమా? రేకుల షెడ్డు, సిమెంటు బల్ల, టైమ్ కీపరు గది, వెనకాల ఒక గోడ. గోడ మగవాళ్ళది. డ్రైవర్లు బస్సు దిగీ దిగకముందే గోడ దగ్గరికి పోతారు, వరసగా నిలబడి లోకాభిరామాయణం మాట్లాడుకుంటారు, బీడీ కూడా ముట్టించుకుంటారు, ప్యాంటు సర్దుకుంటూ దర్జాగా తిరిగొస్తారు. ఆడవాళ్ళకి ఒక గది ఉంది, ఉండటానికి ఉంది. తలుపు మీద ఆడమనిషి బొమ్మ కూడా ఉంది, బొట్టుతో సహా. దానికి తాళం ఉంది. తాళంచెవి టైమ్ కీపరు బల్ల మీద కొక్కేనికి ఉంటుంది. టైమ్ కీపరు బాబాయి. చెవి పోకుండా ఉండాలని ఆయన దానికి పాత గేరు రాడ్డు మీది నల్లటి బుడిపెను కట్టాడు, నిమ్మకాయంత, పిడికిట్లో దాగదు, సంచీలో దాచినా ఉబ్బుతుంది. అది పట్టుకుని షెడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి నడవాలి, సిమెంటు బల్ల మీద కూచున్న మగ సభ మొత్తం ముందు నుంచీ. "ఏమ్మా, గేరు మారుస్తున్నావా?" "మెల్లగా తల్లీ, రివర్సు పడేను!" "ఇందాకే మార్చావుగా, క్లచ్చు అరిగిపోలా?" ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఆకలేస్తే సగం డబ్బా ఇచ్చే వాళ్ళే, తాగుబోతు ప్రయాణికుడు మీదికొస్తే కాలరు పట్టుకునే వాళ్ళే. కానీ ఆ బుడిపె చేతిలో ఉన్నంతసేపూ వాళ్ళకి అదొక వినోదం. పిల్లికి చెలగాటం. ఎలుకలు నీళ్ళు తాగడం మానేశాయి. ఇంటి దగ్గర నింపుకున్న సీసా మూత తియ్యకుండా ఇంటికే వచ్చేది. పెదాలు పగిలేవి. టికెట్ టికెట్ అని అరిచీ అరిచీ గొంతులో ఇసక, అయినా ఒక్క గుక్క. ఆ గుక్క కూడా చివరి స్టేజీ దాటాకే.

సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పులైనా విడవకుండా పరుగెత్తితే అత్తగారు అనేది, దీనికెప్పుడూ గుర్రమ్మీదే పని అని. మంటగా ఉందత్తయ్యా అంటే, నీళ్ళు తాగవు, వేడి చేసింది, అంది. ఆ నీళ్ళు తాగితే ఎక్కడికి పోవాలో అత్తగారు అడగలేదు, ఆమె చెప్పలేదు. మొగుడితో చెబితే ముఖం అదోలా పెట్టి, గోడవైపు తిరిగి, "శుభ్రంగా ఉంటే ఇవన్నీ ఎందుకొస్తాయి?" అన్నాడు. రోజూ రెండుసార్లు స్నానం చేసే మనిషిని పట్టుకుని, వారానికోసారి తలంటుకునే మగాడు అన్న మాట అది! ఆ రాత్రి ఆమె స్నానాల గదిలో కూచుని ఏడ్చింది. శుభ్రం లేకనే వచ్చిందేమోనని సబ్బుతో చర్మం ఊడేలా రుద్దుకుంది కూడా, పిచ్చి మొహంలాగా. మొన్న డాక్టరమ్మ చెప్పేదాకా తెలియలేదు, ఇది మురికి వల్ల వచ్చేది కాదు, సిగ్గుపడేది అసలే కాదు, ఆడదాని ఒంటి తీరే అంత, లోపలికి దారి పొట్టిది, గంటల తరబడి బిగబట్టుకుంటే లోపలున్న పురుగుకి పండగ, అని. ఇంట్లో దొంగ పడితే ఊరంతా దొంగని వెతుకుతుంది. ఆడదాని ఒంట్లో దొంగ పడితే మాత్రం ముందు ఆడదాని జేబులే తడుముతారు. నీళ్ళెందుకు తాగలేదు, శుభ్రంగా ఎందుకు లేవు, ముందే ఎందుకు చెప్పలేదు, మాత్రలెందుకు మింగావు. అన్నిటికీ 'నువ్వు'. ఒక్కరైనా 'ఎవరు' అనరు. ఈ డాక్టరమ్మ అంది. ఎవరిచ్చారు అంది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి.

గుడ్డ వెచ్చబడింది. బాబాయి దాన్ని తిప్పి వేశాడు. ఆయన చొక్కా జేబు ఆమె కళ్ళకి ఎదురుగా వంగింది, జేబులో గుండ్రటి రేకు డబ్బా, చిరుమువ్వలా గలగల. ఆ చప్పుడు వినగానే ఆమె ఒళ్ళు జలదరించింది, అది చలి కాదు. లైన్లో ఆడవాళ్ళందరికీ ఆ చప్పుడు తెలుసు. పెద్ద పార్సిలు కంపెనీ ఒకటి డిపో వాళ్ళతో ఒప్పందం చేసుకుని చివరి స్టేజీ దాకా సరుకు పంపడం మొదలుపెట్టాక కదా ఆ డబ్బా పుట్టింది. సరుకు దించడానికి గది కావాలి, ఖాళీ గది ఎక్కడుంది? బొట్టు పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ వెనకాల ఉంది. స్టాండు ఫ్యాన్లు, రంగు డబ్బాలు, కుర్చీల కట్టలు, పరుపుల చుట్టలు కప్పు దాకా. తాళంచెవి అడిగితే బాబాయి మొహం నిజంగానే నొచ్చుకునేది. "లోపల సరుకుందే తల్లీ. అదంతా తీసి, మళ్ళీ సర్ది... బస్సు ఆలస్యమవుతుంది. ఈ స్టేజీ నుంచి బస్సు ఆలస్యంగా కదిలిందన్న మాట నా సర్వీసులో లేదు." మరి మంటగా ఉంది బాబాయ్, నిలబడలేకపోతున్నా. "అయ్యో, ముందే చెప్పొద్దూ!" డబ్బా మూత టప్పుమంది. ఎర్రటి నల్లటి గొట్టం మాత్రలు, పసుప్పచ్చ బిళ్ళలు, అన్నీ కలగాపులగం, డిపో మందుల గదిలో మిగిలినవీ గడువు దాటబోయేవీ కాంపౌండరు స్నేహితుడు గుప్పెడు గుప్పెడు పోస్తాడు. ఏది చేతికొస్తే అది. "ఇవి రెండు వేసేసుకో. ట్రిప్పు దాటేసరికి చేత్తో తీసేసినట్టు పోతుంది." పోయేది కూడా. అదే కదా మాయ. నిజంగానే పోయేది. కొన్నాళ్ళు. దాన్ని ఆడవాళ్ళందరూ రైట్ రైట్ బిళ్ళ అని పిలుచుకునేవాళ్ళు, మింగితే బండి కదుల్తుందని. బాబాయి చేతి మాత్ర, బంగారు మాత్ర! సొంత కూతుళ్ళలా చూసుకుంటాడే అని ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు చెప్పుకునేవాళ్ళు, ఆమె పిలిచిందని అందరూ ఆయన్ని బాబాయి అనే పిలిచేవాళ్ళు, ఆమె ఎంత గర్వపడేది! తర్వాత్తర్వాత రెండు బిళ్ళలు చాలలేదు, మూడు. ఎర్రవి పనిచెయ్యకపోతే పచ్చవి. పచ్చవి పనిచెయ్యకపోతే "ఇది కొత్త రకం, బలమైంది". దొంగకి రెండు దెబ్బలు, వదిలెయ్. మళ్ళీ రెండు దెబ్బలు, మళ్ళీ వదిలెయ్. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు, అందులోనూ ఇంటి దొంగ చేతికే తాళంచెవి ఇస్తే.

షెడ్డు గోడకి అద్దాల చట్రంలో ప్రశంసాపత్రం ఉంది. ఆలస్యమే లేని స్టేజీ అని, ఆడ సిబ్బంది అనారోగ్య సెలవులు కూడా అతి తక్కువని. డిపో పెద్దసారు శాలువా కప్పి ఇచ్చాడు. ఆ రోజు ఆడవాళ్ళు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆమె చేతులు నొప్పి పుట్టేలా కొట్టింది. ఆ చట్రానికి సరిగ్గా వెనకవైపునే, అదే గోడకి ఆవలి పక్కనే, బొట్టు పెట్టుకున్న బొమ్మ తలుపు. ఈ గోడకి ఇటు శాలువా, అటు పరుపుల చుట్టలు. ఆలోచిస్తే నవ్వొస్తోంది, నవ్వితే నడుం. తడిగుడ్డతో గొంతు కొయ్యడం అని అమ్మమ్మ అంటుండేది, చిన్నప్పుడు ఆమెకి అర్థమయ్యేది కాదు, గుడ్డతో గొంతెలా తెగుతుందమ్మమ్మా అనేది. ఇలా తెగుతుంది. చల్లగా. అంచులు సరిచేసి మరీ.

"చిట్టితల్లీ," అన్నాడు బాబాయి, స్టూలు దగ్గరికి జరుపుకుని, కమలాపండు ఒలుస్తూ, చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి. "ఆ డాక్టరు మళ్ళీ వస్తుంది. ఏదో ఒక షాపు పేరు చెప్పెయ్. బజారు మొగదల ఉంది చూడు, అదనెయ్. వచ్చే నెల్లో రిటైరై దిగిపోతున్నా. ఇన్నేళ్ళ సర్వీసు, ఒక్క మచ్చ లేదు. ఇప్పుడు ఎంక్వైరీ అనీ అదనీ... నీ ఉద్యోగానిక్కూడా మంచిది కాదమ్మా. నేనేమన్నా చెడు చేశానా? మంటంటే మందిచ్చాను. నా కూతురికైతే మాత్రం ఇవ్వనా?"

ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. నిజం నీళ్ళే. అదే ఆమెని నిలువునా దహించింది. దొంగకి దొంగ మొహం ఉంటే ఎంత బావుండేది! మీసం మెలేసి, పళ్ళు కొరికి ఉంటే ఏనాడో కేక పెట్టేది. ఆయన ఒలిచిన తొనని ఆమె పెదాలకి అందించాడు, గింజ తీసి మరీ. ఆమె తల తిప్పుకుంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఈ ఇంజెక్షను పట్టిందనుకో, లేచి ఇంటికెళుతుంది. బాబాయి శాలువాతో దిగిపోతాడు. డబ్బా, కొక్కెం, బుడిపె, తర్వాత వచ్చే టైమ్ కీపరుకి అప్పగిస్తాడు, ఇలా ఇవ్వాలి, ఇలా నెట్టుకురావాలి అని నేర్పించి మరీ. పట్టలేదనుకో. అప్పుడు ఆ రెండో ఇంజెక్షను. ఆమె నోరు మూసుకునే ఉంటుంది, అటు నుంచి అటే. తనే కొనుక్కుని మింగింది పాపం, అంటారు. ఎంత చెప్పినా వినేది కాదు. ఆమె పేరు మీద మిగిలే మాట అదన్నమాట.

చలి మొత్తం పోయింది. ఇప్పుడు నిప్పు. చెవుల్లోంచి ఆవిర్లు. దుప్పట్లు కాలితో తన్నేసింది. మంచినీళ్ళు తెస్తానని బాబాయి సీసా పట్టుకుని కిందికి వెళ్ళిన కాసేపటికి వార్డు గుమ్మంలో యూనిఫారం, భుజాన సంచీ, మెళ్ళో టికెట్ మిషను. అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల. లైన్లో అందరికంటే చిన్నది, మాటల పుట్ట, పెళ్ళయి ఏడాది తిరగలేదు, ఇప్పుడు కడుపుతో ఉంది. సంచీ పట్టీ పొట్టకి ఒరుసుకోకుండా పక్కకి లాక్కుంటూ వచ్చి మంచమ్మీద కూలబడింది.

"ఏంటక్కా ఇలా అయిపోయావ్! నువ్వు లేకపోతే ఆ లైను లైనే కాదనుకో. నీ డ్యూటీకి వేసిన కొత్తాయన చిల్లర ఇవ్వడం చాతగాక అందరికీ చాక్లెట్లిస్తున్నాడు. ట్రిప్పు మధ్యలో వచ్చా, కింద బస్సు నిలబెట్టి. మా డ్రైవరు హారన్ కొట్టేస్తాడు చూడు." అని, చుట్టూ చూసి, వంగి, చెవిలో, "నాకూ నిన్నట్నుంచీ మంటక్కా. నడుం కూడా లాగుతోంది. కడుపుతో ఉంటే ఇంతేనేమో అనుకున్నా. ఇందాక మెట్ల దగ్గర బాబాయి కనబడితే చెప్పా. అదృష్టం, డబ్బా జేబులోనే ఉంది." పిడికిలి విప్పింది. టికెట్టు కాగితంలో చుట్టిన రెండు గొట్టాలు, ఎర్రదీ నల్లదీ. "నీతో మాత్రం చెప్పొద్దన్నాడు, నీకసలే బాగోలేదు కదా, బెంగపెట్టుకుంటావని."

ఆస్పత్రి మెట్ల మీద. ఆమె పైన ఇలా కాలిపోతుంటే, కింద మెట్ల మీద. మంచానికీ మెట్లకీ మధ్య ఎంత దూరం, ఆ దూరంలో ఆ మనిషి ఏమనుకుంటూ డబ్బా మూత తీశాడు?

"మింగావా?" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది, బొంగురుగా, తుప్పుపట్టిన తలుపులా.

"ఇంకా లేదక్కా. నీళ్ళు తాగాలి కదా. ట్రిప్పు మధ్యలో నీళ్ళెక్కడ తాగుతాను? ఆఖర్న చూసుకుందామనీ..."

మాత్ర మింగడానికి కూడా నీళ్ళు తాగలేని బతుకు! ఆమె చెయ్యి చాచి పిచ్చుక పిడికిలిని పట్టుకుంది, తన చెయ్యి కాలుతోందని పిచ్చుక ఉలిక్కిపడటంతో తెలిసింది. కాగితం పొట్లం లాక్కుంది. గుప్పిట్లో రెండు గొట్టాలు, ఇంత తేలిక, ఈకలంత బరువు. వీటితోనే ఆ వంశం అంతా పెరిగింది. ఇది ఈ పిల్ల ఒంట్లో, ఆ పిల్ల ఒంట్లో ఉన్న ఇంకో పిల్ల ఒంట్లో... తల దగ్గర గోడకి తీగతో వేలాడుతోంది పిలుపు మీట, రోగులకి ఏదైనా కావాలంటే నొక్కేది. వచ్చినప్పట్నుంచీ ఆమె దాన్ని ముట్టలేదు. అలవాటు లేదు. ఇన్నేళ్ళుగా ఎంతమందికి బస్సు ఆపింది, దిగే ముసలమ్మలకి, పరుగెత్తుకొచ్చే బడిపిల్లలకి, వాంతి వచ్చిన వాళ్ళకి, పడిపోయిన చెప్పు కోసం ఏడ్చిన పసివాడికి కూడా. ఒక్క బెల్లు, బస్సు ఆగేది. తన కోసం ఒక్కనాడూ లాగలేదు. ఆపడం తన చేతిలో పనే అన్న సంగతే మరిచిపోయింది. పొలం గట్టు, తువ్వాలు, గాలి. ఆయనే కదా నేర్పాడు, కష్టమొస్తే బస్సెందుకాగదని.

నొక్కింది. ఒక్కసారి. వార్డు ఆ చివర గంట టంగ్‌మంది.

సిస్టరమ్మ వచ్చింది, ఆమె కళ్ళలోకి ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా వెనక్కి తిరిగి డాక్టరమ్మని పిలుచుకొచ్చింది. అవతల్నుంచి బాబాయి కూడా వచ్చాడు, నిండిన సీసాతో. పిచ్చుకనీ, ఆమె గుప్పిటనీ చూశాడు. నడక ఆగింది. ఆగిన చోటే మళ్ళీ నవ్వు తెచ్చుకుని, స్టూలు మీద కూచుని, గిన్నెలోంచి గుడ్డ తీశాడు.

"ఆవిడకి జ్వరం తలకెక్కిందండీ, సంధిలో ఉంది, ఇప్పుడేం అడిగినా..."

"నువ్వాగు బాబాయ్."

చిన్నప్పట్నుంచీ ఆయనతో ఆమె ఆ మాట అనలేదు. తడిగుడ్డ గిన్నెలో పడిపోయింది. కింద రోడ్డు మీద హారను మోగింది, పిచ్చుక కదల్లేదు. ఆగనీ, ఒక బస్సు ఆలస్యం కానీ.

డాక్టరమ్మ మంచం మీదికి వంగింది. "చెప్పమ్మా. ఎవరిచ్చారు?"

ఆమె గుప్పిట విప్పింది. చెమటకి టికెట్టు కాగితం తడిసి, ఎర్ర రంగు అరచేతికి అంటింది.

"ఇవేనండీ. షాపులో కొనలేదు. మాకు ఒక గది ఉంది, దానికి తాళం ఉంది. మంటగా ఉందనీ, ఆపుకోలేననీ తాళం అడిగాను. అడిగినప్పుడల్లా మాత్ర ఇచ్చారు. నాకే కాదు, అందరికీ. ఇప్పుడు దీనికి కూడా, కడుపుతో ఉన్నదానికి కూడా, మీ మెట్ల మీదే."

"ఎవరు?"

వార్డంతా వినిపించేలా, కిక్కిరిసిన బస్సులో ముందు సీటు నుంచి వెనక తలుపు దాకా వినిపించే ఆ గొంతుతో, ఆమె అంది:

"మా బాబాయి. ఇదిగో, ఈయనే."